పండుగకు డబ్బు పంపితే పండుగ చేసుకున్నట్టేనా?

మళ్ళీ జూన్ నెల వస్తోంది. పునీత అంతోనివారి పేరున ఉన్న గుళ్ళలో పెద్దలు కూర్చుని లెక్కలు వేసుకుంటున్నారు. తేరుకు ఎంత, బ్యాండుకు ఎంత, లైటింగుకు ఎంత, భోజనాలకు ఎంత అని ఒక కాగితం. ఎవరెవరు ఎంత ఇస్తారో మరో కాగితం. ఈ రెండో కాగితంలో పై వరుసల్లో ఈ రోజుల్లో కనిపించేవి చాలాచోట్ల ఊళ్ళో ఉన్నవాళ్ళ పేర్లు కావు. కువైట్‌లో, దుబాయిలో, అమెరికాలో, ఐరోపాలో ఉన్న మన పిల్లల పేర్లు. “ఎక్కడున్నా మన బిడ్డలు పండుగను మరువలేదు” అని అందరూ సంతోషిస్తారు. నేనూ అలాగే సంతోషించేవాణ్ణి. 2024 జూన్ తర్వాత ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న గుచ్చుకుంటోంది. దాన్ని మీ ముందు పెడతాను.

ఆ జూన్‌లో నేను పోర్చుగల్ దేశంలోని లిస్బన్ నగరంలో మూడు వారాలు ఉన్నాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు నా పక్కనే కూర్చున్న మిత్రుడొకడు అభిషేకం దాకా రాకుండా బయటికి వెళ్ళి, పెళ్ళి చేసుకొని, కంప్యూటర్ ఉద్యోగంలో స్థిరపడి, తిరిగి తిరిగి చివరకు ఆ నగరం చేరాడు. “ఏమోయ్ ఫాదరూ! పాతికేళ్ళుగా అంతోనివారి పండుగలు చేయిస్తున్నావు. ఆయన పుట్టిన ఊరు ఒక్కసారి చూడవా?” అని టికెట్టు పంపాడు. పీఠాధిపతులవారి అనుమతి తీసుకొని, విచారణను సహాయ గురువుకు అప్పగించి బయలుదేరాను.

సంగతి ఎలా తెలిసిందో, నేను అంతకుముందు పనిచేసిన విచారణలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో గోంగూర పచ్చడి డబ్బా, కారప్పొడి పొట్లం. ఆమె కొడుకు 2021 చివర్లో లిస్బన్ వెళ్ళాడు. ఆ ఊరి గుడి అంతోనివారిదే. 2022లోనూ, 2023లోనూ పండుగ లైటింగు ఖర్చంతా అతనే పంపాడు. ఆ రెండేళ్ళూ పీఠం దగ్గర నిలబడి మైకులో అతని పేరు చదివింది నేనే. “దూరదేశంలో ఉన్నా పునీతులవారిని మరువని బిడ్డ” అని పొగిడి చప్పట్లు కొట్టించాను కూడా.

ఆ తల్లి డబ్బా నా చేతిలో పెట్టి ఒకే మాట అడిగింది. “ఫాదర్ గారూ, వాడు అక్కడ పండుగ చేసుకుంటున్నాడో లేదో చూసి రండి.”

ఇదేం ప్రశ్న అనుకున్నాను. అంతోనివారి సొంత ఊళ్ళో ఉన్నవాడు పండుగ చేసుకోడా?

లిస్బన్ కొండల మీద కట్టిన ఊరు. కింద తేజో నది సముద్రంలో కలవబోతూ సముద్రమంత వెడల్పుగా ఉంటుంది. పాత ప్రధాన దేవాలయానికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, అంతోనివారు పుట్టిన ఇంటి చోట కట్టిన గుడి ఉంది. 1195లో ఆయన అక్కడ పుట్టారని, ఎదురు గుడిలోనే జ్ఞానస్నానం పొందారని చెబుతారు. అప్పటి పేరు ఫెర్నాందు. మనం ‘పాదువాపురి అంతోనివారు’ అంటాం గాని, లిస్బన్‌లో ఆ మాట అంటే నవ్వుతారు. అక్కడ ఆయన లిస్బన్ అంతోనివారే. నగరానికి పాలక పునీతులు విన్సెంటువారు. అయినా జనం గుండెల్లో ఉన్నది అంతోనివారు. జూన్ 13 నగరమంతటికీ సెలవు.

ఆయన బ్రతుకు చూడండి. చిన్నవయసులో నగరం పక్కనున్న అగుస్తీను సభ మఠంలో చేరారు. స్నేహితులు ఊరికే చూడటానికి వస్తున్నారని, ప్రార్థన సాగటం లేదని కోయింబ్రా పట్టణానికి మార్పించుకున్నారు. (మిత్రుల ఇంటికి విమానమెక్కి వెళ్ళిన నేను ఈ సంగతి తలచుకొని కొంచెం సిగ్గుపడ్డాను.) 1220లో మొరాకోలో ప్రాణాలిచ్చిన ఐదుగురు ఫ్రాన్సిస్ సభ వేదసాక్షుల అవశేషాలు ఆ పట్టణానికి వచ్చాయి. అవి చూసి ఆయన ఫ్రాన్సిస్ సభలో చేరి తానూ మొరాకో ఓడ ఎక్కారు. అక్కడ జబ్బు పడ్డారు. తిరిగి వస్తుంటే గాలివాన ఓడను సిసిలీ ద్వీపానికి కొట్టుకుపోయింది. ఇటలీలో, ఫ్రాన్సులో తిరిగి తిరిగి బోధించి, 1231 జూన్ 13న పాదువా పొలిమేరల్లో కన్నుమూశారు. అప్పటికి సుమారు ముప్పై అయిదేళ్ళు. ఏడాది తిరగకముందే పునీతులయ్యారు. మనం ఇంత ప్రేమించే ఈ పునీతులు పరాయి దేశం పోయి, పరాయి భాష మాట్లాడి, పరాయి మట్టిలో కలిసిన మనిషి. మన గల్ఫు పిల్లల వంటివారే.

ఆ గుడి 1755 నవంబరు 1 ఉదయం కూలిపోయింది. ఆ రోజు సకల పునీతుల పండుగ. గుళ్ళన్నీ జనంతో నిండి ఉన్నాయి, పీఠాల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. భూమి కంపించింది, గుళ్ళు జనం మీద పడ్డాయి, నిప్పంటుకుంది, వెనుకనే సముద్రం ఊరి మీదికి వచ్చింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ వార్త ఐరోపా తత్వవేత్తలను కుదిపివేసింది. వోల్టేర్ ఆ ఉపద్రవం మీద కావ్యం వ్రాశాడు. కాంట్ 1756లో భూకంపాల మీద మూడు వ్యాసాలు ప్రకటించాడు. మంచి దేవుడుంటే ఇదేమిటని వాదోపవాదాలు జరిగాయి. మేము గురువిద్యాలయంలో ఇదంతా చదువుకున్నాం. కాని లిస్బన్‌లో మరో సంగతి విన్నాను. గుడిని 1767 తర్వాత మళ్ళీ కడుతున్న కాలంలో నగరపు పిల్లలు వీధి అరుగుల మీద చిన్న చిన్న పీఠాలు అలంకరించి, దారిన పోయేవారిని “అంతోనివారికి ఒక్క కాసు” అని అడిగారట. ఆ కాసులు కూడా కలిసి ఆ గుడి లేచింది. పండుగ రోజుల్లో ఆ చిన్న పీఠాలు ఇప్పటికీ గుమ్మాల్లో, కిటికీల్లో కనిపిస్తాయి. పెద్దలు దేవుడెక్కడని వాదిస్తుంటే పిల్లలు పండుగకు చోటు కట్టారు.

ఇక పండుగ. దాచటమెందుకు, నేను బాగా ఆనందించాను. జూన్ 12 రాత్రి పెద్దవీధి పొడుగునా ఒక్కొక్క పేటవాళ్ళు ఒక్కొక్క జట్టుగా ఒకే రంగు బట్టలు కట్టి, పూల తోరణాలు ఎత్తిపట్టుకొని, పాడుతూ ఆడుతూ పోటీ పడతారు. ఇది 1932 నుంచి ఉన్న ఆచారం. పేద జంటలకు నగరం ఖర్చుతో పెళ్ళిళ్ళు చేసే ఆచారం 1958లో మొదలై, 1974లో ఆగి, 1997 నుంచి మళ్ళీ నడుస్తోంది. అల్ఫామా అనే పాత పేటలో ఇద్దరు పక్కపక్కన నడవలేని సందుల్లో కూడా గుమ్మాల ముందు బొగ్గుల మీద సార్డీను చేపలు కాలుస్తుంటారు. మన కవ్వల వంటి చేప. రొట్టెముక్క మీద పెట్టి ఇస్తారు. కారిన నూనె రొట్టెకు పట్టాక ఆ రొట్టె రుచే వేరు. తులసి జాతికి చెందిన సన్న ఆకుల మొక్కను చిన్న కుండీలో పెట్టి, కాగితం పువ్వు, నాలుగు పాదాల పద్యం గుచ్చి అమ్ముతారు. దాన్ని ముక్కుతో వాసన చూడకూడదు. అరచేత్తో నిమిరి, ఆ చేతిని వాసన చూసుకోవాలి. లేకపోతే మొక్క వాడిపోతుందని నమ్మకం. ఆ తర్వాత పోర్తు నగరానికి కూడా వెళ్ళాం. జూన్ 23 రాత్రి అక్కడ స్నాపక యోహానువారి పండుగ. వీధిలో ఎదురైనవాడు ఎవడైనా ప్లాస్టిక్ సుత్తితో మన నెత్తిన టప్పున కొట్టి నవ్వుతూ పోతాడు. నా బట్టతల వాళ్ళకు బాగా నచ్చినట్టుంది.

పన్నెండో తారీకు మధ్యాహ్నం మిత్రుడి ఇంటి బాల్కనీలో మా పాత వాదం మళ్ళీ మొదలైంది. “ఇంత ఖర్చు! ఈ నగరంలో ఇల్లు అద్దెకు దొరకక జనం ఏడుస్తుంటే ఈ దీపాలూ పాటలూ ఎందుకు?” అన్నాడు. మన ఊళ్ళలో కూడా ఈ మాట వింటాం. కొన్నిసార్లు పీఠం మీది నుంచి నేనే అన్నాను. యోహాను సువిశేషంలో మొదట ఈ మాట అన్నవాడు యూదా. బెతానియాలో మరియ ప్రభువు పాదాలకు పరిమళం పూస్తే, దాన్ని మూడు వందల దీనారాలకు అమ్మి పేదలకు పంచవచ్చు కదా అన్నాడు. ప్రభువు మరియ పక్షాన నిలిచాడు.

నేను నాకు చేతనైన తోమాసు అక్వీనాసువారిని అడ్డం వేశాను. ఆటపాటలు మితిమీరితే పాపమని ఆయన అన్నమాట నిజమే. కాని సంతోషమే ఎరగని మనిషి, ఇతరుల సంతోషానికి కూడా అడ్డుపడే మనిషి, అతడిదీ తప్పేనని ఆ వెంటనే వ్రాశారు. ఎప్పుడూ లాగిపట్టి ఉంచిన విల్లు విరుగుతుందన్న యోహానుగారి కథను అందుకే ఉదహరించారు. యోసెఫ్ పీపర్ అనే జర్మన్ కతోలిక తత్వవేత్త 1963లో పండుగ మీద ఒక పుస్తకం వ్రాశాడు. పండుగంటే విశ్రాంతి కాదు, వినోదం కాదు, ఈ లోకం మంచిది, ఇందులో ఉండటం మంచిది అని మనిషి ఒప్పుకోవటమే పండుగ అన్నది దాని సారం. సృష్టిని చూసి బాగుందన్న దేవుడి మాటకు మనం ‘అవును’ అనటం. కూలిన గుడి దగ్గర కాసులు అడిగిన పిల్లలు చేసింది అదే.

మిత్రుడు ఒప్పుకున్నాడు. వాదం నెగ్గానని నాకు లోలోపల గర్వం. ఆ రాత్రి అల్ఫామా సందుల్లో పొగలో తిరుగుతూ, పాటలు వింటూ, చేపలు తింటూ ఒంటిగంట దాకా గడిపాం. మధ్యలో పచ్చడి సంగతి గుర్తొచ్చి ఆ అబ్బాయికి ఫోను చేశాను. ఎత్తలేదు. తర్వాత సందేశం వచ్చింది. “ఈ రాత్రి కుదరదు ఫాదర్ గారూ. రేపు మధ్యాహ్నం రూముకు రండి.”

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు మొరారియా పేటలో ఆ గది వెతుక్కుంటూ వెళ్ళాను. 1147లో నగరం క్రైస్తవ రాజు చేతికి వచ్చాక ముస్లిములను ఉంచిన పేట అది. పరాయివాళ్ళ పేటగానే మొదలైంది. ఈ రోజు అక్కడ బంగ్లాదేశ్, నేపాల్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళ దుకాణాలు వరుసగా ఉంటాయి. మూడో అంతస్తులో ఒక గది, ఆరు మంచాలు. ఈ అబ్బాయి అప్పుడే నిద్ర లేచాడు. ముందురోజు ఉదయం పదకొండుకు హోటలు వంటగదిలో చేరి, తెల్లవారి నాలుగింటికి బయటపడ్డాడట. ఆ హోటలు మేము చేపలు తిన్న సందుకు రెండు సందుల అవతల.

“పండుగ రాత్రి కదా ఫాదర్ గారూ. సంవత్సరానికంతటికీ ఆ రాత్రే గిరాకీ. సెలవడిగితే పని పోయినట్టే” అన్నాడు. అది మూడో పండుగ. మూడేళ్ళలో పెద్దవీధిలో జట్లు ఆడటం చూడలేదు. పదమూడు సాయంత్రం జరిగే ప్రదక్షిణ చూడలేదు. అంతోనివారి గుడిలోకి ఒక్కసారి వెళ్ళాడు, వచ్చిన కొత్తలో. ప్రయాణానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. నివాసపు కార్డు చేతికి రాలేదు కాబట్టి ఇంటికి వెళ్ళిరావటానికి లేదు. “అయినా పండుగకు డబ్బు పంపాను కదా ఫాదర్ గారూ” అన్నాడు, నేను ఏదో నిలదీసినట్టు.

ఇది ఒకప్పుడు తేరు ముందు కొమ్ము భుజాన పెట్టుకునే కుర్రాడు. ఆ పల్లెలో తేరు ఎత్తటమంటే మాటలు కాదు. కొమ్ము మోసినవాడి భుజం వారం రోజులు కాయకట్టి ఉంటుంది. దాన్ని అందరికీ చూపించుకుంటూ తిరిగేవాడు.

మూడు గంటలైంది. మన దగ్గర రాత్రి ఏడున్నర. ఊళ్ళో తేరు బయలుదేరే వేళ. అతను ఫోను తీసి దిండుకు ఆనించి పెట్టాడు. ఊరి నుంచి ఎవరో కుర్రాడు వీడియో చూపిస్తున్నాడు. లైటింగు తోరణం కనిపించింది. నీలం, ఎరుపు దీపాల మధ్య అంతోనివారి బొమ్మ. దాని కింద దాత పేరు, ఇతని పేరే. బ్యాండు మోగుతోంది. ఇప్పటి విచారణ గురువులు మైకులో పేర్లు చదువుతున్నారు. ఇతని పేరు వచ్చింది, చప్పట్లు వినిపించాయి. వీడియో తీస్తున్న కుర్రాడు ఉత్సాహంగా తోరణాన్ని పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూపిస్తూనే ఉన్నాడు.

“ఒరే, లైట్లు చాలురా. అమ్మ వైపు తిప్పు” అన్నాడు ఇతను.

బ్యాండు మోతలో అక్కడ వినపడలేదు. ఇంకోసారి అన్నాడు, మరోసారి గట్టిగా అన్నాడు. కెమెరా తోరణం మీదే ఉంది. కాసేపటికి బొమ్మ ఆగి ఆగి, తెగిపోయింది.

ప్రియ పాఠకులారా, నేను గురువును. మరణశయ్యల దగ్గర కూర్చున్నాను. అయినా ఆ క్షణాన ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. పచ్చడి డబ్బా తీసి ఇచ్చాను. అతను మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టాడు.

“అయిదింటికి ఇక్కడ ప్రదక్షిణ ఉందట కదా, పద” అన్నాను. “ఆరున్నరకు డ్యూటీ ఫాదర్ గారూ.” “అయితే గంట ఉంది.” స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. నడిచి వెళ్ళాం. ప్రధాన దేవాలయం చుట్టూ, అల్ఫామా సందుల్లో, రాత్రి పొగ నిండిన చోటే, ఇప్పుడు పాటలు, ప్రార్థనలు. కిటికీల్లోంచి పువ్వులు. జనంలో నిలబడి అతను నెమ్మదిగా అన్నాడు, “భుజం దురద పెడుతోంది ఫాదర్ గారూ.”

ఆ రోజు గుడి దగ్గర ఆశీర్వదించిన చిన్న రొట్టెలు ఉంటాయి. పక్కనున్న ఒక ముసలావిడ తన చేతిలోని రెండు రొట్టెల్లో ఒకటి తీసి ఇతని చేతిలో పెట్టి ఏదో చెప్పింది. ఏమందని అడిగాను. “ఇంట్లో దాచుకోమంది. మళ్ళీ పండుగ దాకా ఇంట్లో తిండికి కొరత ఉండదట. నీ ఊరేదని అడిగింది. చెప్పాను. అక్కడ కూడా అంతోనివారున్నారా అని ఆశ్చర్యపోయింది.” ఈ మాటలు చెబుతూ నవ్వాడు. ఆ రోజు నేను చూసిన మొదటి నవ్వు. ఆరుంపావుకు రొట్టె జేబులో పెట్టుకొని పనికి పరుగెత్తాడు.

సాయంత్రం మిత్రుడికి ఇదంతా చెప్పాను. అతను ఆ నగరంలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నాడు, ప్రతి జూన్‌లో అల్ఫామాలో చేపలు తింటాడు. చాలాసేపు ఊరుకొని, “మనం మధ్యాహ్నం పండుగ ఎందుకని వాదించుకున్నాం గాని, పండుగ ఎవరిదని అడగలేదు” అన్నాడు. నేను నెగ్గాననుకున్న వాదం అక్కడ తేలిపోయింది. పండుగ మంచిదే. కాని చేపలు కాల్చేవాడికి పండుగ ఉందా?

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. పండుగకు డబ్బు పంపితే పండుగ చేసుకున్నట్టేనా?

అరిస్టాటిల్ పనుల్లో రెండు రకాలున్నాయంటాడు. ఇల్లు కట్టటం ఒక రకం. ఇల్లు పూర్తయితే ఆ పని ముగుస్తుంది. చూడటం మరో రకం. చూడటానికి వేరే ఫలితమంటూ లేదు, చూడటమే దాని ఫలితం. దీన్ని మనం ఇలా అర్థం చేసుకోవచ్చు. మొదటి రకం పనికి కూలి మనిషిని పెట్టుకోవచ్చు. రెండో రకానికి పెట్టుకోలేం. నా బదులు మరొకరు ఇల్లు కట్టగలరు, నా బదులు మరొకరు చూడలేరు. నా బదులు మరొకరు అన్నం తినలేరు, నిద్రపోలేరు, పశ్చాత్తాపపడలేరు. పండుగ ఈ రెండో రకానికి చెందింది. తోరణం కట్టించవచ్చు, సంతోషం కట్టించలేం. తోరణానికి డబ్బు పంపవచ్చు, భుజం పంపలేం.

అయితే ఆ అబ్బాయి పంపిన డబ్బు వృథానా? ముమ్మాటికీ కాదు. దేవాలయంలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడు. ఈ అబ్బాయి కూడా మిగిలింది ఇవ్వలేదు, అప్పులో ఉండి ఇచ్చాడు. రాలేనివాడు పంపుతాడు. పంపటం ప్రేమే. ఆ డబ్బు వెనుక ‘నేనూ మీ మధ్య ఉన్నాను, నన్ను మరువకండి’ అన్న మాట ఉంది. తప్పు పంపటంలో లేదు. తప్పు పుచ్చుకున్న మనలో ఉంది. మనం డబ్బు తీసుకున్నాం, దాని వెనుకనున్న మాట వినలేదు. మనిషి రాలేదని దుఃఖించవలసిన చోట డబ్బు వచ్చిందని చప్పట్లు కొట్టాం.

ఈ తప్పు మొదట నాది. రెండేళ్ళు అతని పేరు మైకులో చదివాను. ఒక్క ఫోను చేసి, “నాయనా, ఎలా ఉన్నావు? పూజకు వెళుతున్నావా? పండుగ రోజు ఎవరితో అన్నం తిన్నావు?” అని అడగలేదు. ఎంత ఇచ్చాడో నాకు రూపాయలతో సహా తెలుసు. ఎలా ఉన్నాడో తెలియదు. ఆ తల్లికి తెలుసు తనకేం తెలియదో. అందుకే రెండు బస్సులు మారి వచ్చి ఆ ప్రశ్న అడిగింది.

ద్వితీయోపదేశకాండం పదహారో అధ్యాయం తీసి చదవండి. దేవుడు తన ప్రజలకు పండుగలు నియమిస్తూ, ఎవరి శక్తికొలది వారు కానుక తేవాలని చెప్పాడు, నిజమే. కాని అంతకంటె ముందు ఒక జాబితా ఇచ్చాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. పండుగలో నీతో కలిసి ఎవరెవరు సంతోషించాలో ఆ జాబితా చెబుతుంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, అనాథ, విధవరాలు. మన పండుగ జాబితాల్లో ఎవరెంత ఇచ్చారో ఉంటుంది. దేవుడి జాబితాలో ఎవరెవరు కూర్చున్నారో ఉంటుంది.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకును మనం తరచు నిందిస్తాం. లిస్బన్ నుంచి వచ్చాక నేను ఆ కథను ఇంకోలా చదువుతున్నాను. ఇంట్లో పాటలు, నాట్యం సాగుతుంటే అతను ఎక్కడ ఉన్నాడు? పొలంలో పని చేస్తున్నాడు. పండుగ మొదలైందని అతనికి కబురు కూడా వెళ్ళలేదు, దగ్గరికి వచ్చాక పనివాణ్ణి అడిగి తెలుసుకున్నాడు. అతని కోపంలో అసూయ ఉంది, కాదనను. కాని తండ్రి ఏం చేశాడో చూడండి. లోపల కూర్చుని, “వాడు రాకపోతే పోనీ, మాంసం పంపండి” అనలేదు. విందు వదిలి తానే బయటికి వెళ్ళి బ్రతిమాలాడు. పండుగ చేసే తండ్రి పని అది. విచారణ గురువు పని, సంఘ పెద్దల పని కూడా అదే.

మన ఊళ్ళ సంగతి చూద్దాం. మన పిల్లలు లిస్బన్‌లో వంటగదుల్లో ఉన్నట్టే, వేరేవాళ్ళ పిల్లలు మన దగ్గర ఉన్నారు. ఇటుక బట్టీల్లో ఒడిశావాళ్ళు, హైదరాబాదు భవనాల మీద జార్ఖండ్, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. జార్ఖండ్ నుంచి వచ్చినవారిలో మన కతోలికులు కూడా ఉంటారు. మన పండుగ రోజున వాళ్ళకు ఎవరైనా కబురు చెప్పారా? అంత దూరం కూడా వద్దు. పందిరి వేసినవాళ్ళు, జనరేటరు పక్కన కూర్చున్నవాడు, వంటవాళ్ళు, అంట్లు తోమే ఆడవాళ్ళు, వీళ్ళలో ఎంతమంది ఆ రోజు దివ్యపూజలో కూర్చున్నారు? ఎంతమంది చల్లారక ముందు అన్నం తిన్నారు? ఇక్కడ ఆ వంటవాడు, అక్కడ మన పిల్లవాడు. ఆ ముసలావిడ మన పిల్లవాడికి రొట్టె పెట్టింది. మనం ఎవరి పిల్లవాడికి పెడుతున్నాం?

తిరిగి వచ్చాక ఆ పల్లె పెద్దలతో మాట్లాడాను. నేను ఇప్పుడు వాళ్ళ గురువును కాను, అయినా మన్నించి విన్నారు. 2025 పండుగలో లైటింగు కొంచెం తగ్గింది. దాతల పేర్లు గుడి తలుపుకు అంటించారు, మైకులో చదవలేదు. దాని బదులు, దూరంగా ఉన్న పిల్లలందరి కోసం, ఇచ్చినవాళ్ళు ఇవ్వనివాళ్ళు అని లేకుండా, పేరుపేరునా ప్రార్థన చేశారు. వీడియో తీసే కుర్రాడికి ఉపదేశిగారు ఒక్కటే చెప్పారట. ముందు ఇళ్ళవాళ్ళను చూపించు, తర్వాత దీపాలు. ఇవి చిన్న మార్పులు. వీటితో ఆ అబ్బాయి అప్పు తీరలేదు, పండుగ రాత్రి పని తప్పలేదు. కాని ఆ రోజు మూడు గంటలకు అతను తల్లి ముఖం చూశాడు.

లిస్బన్ నుంచి వచ్చిన వారానికి ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఏం చెప్పాలా అని దారిపొడుగునా ఆలోచించుకున్నాను గాని, అబద్ధం చెప్పలేకపోయాను.

“వాడు పండుగ చేసుకుంటున్నాడా ఫాదర్ గారూ?”

“ఒక గంట చేసుకున్నాడమ్మా.”

ఆమె కాసేపు నేలచూపులు చూసింది. తర్వాత అడిగింది. “ఎవరైనా ఏమైనా పెట్టారా?”

“ఒక పెద్దావిడ రొట్టె పెట్టింది.”

“అయితే సరే” అంది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఆవిడ పేరున ఒక పూజ చేయించండి” అని కొంగుముడి విప్పింది.

ఆవిడ పేరు మాకెవరికీ తెలియదు. అయినా పూజ చేశాను. ఈ జూన్‌లో మీ ఇంటి నుంచి దూరంగా ఉన్నవాళ్ళకు పండుగ రోజు ఒక ఫోను చెయ్యండి. ఎంత పంపావని అడగకండి. ఎవరితో తిన్నావని అడగండి. మీ పందిట్లో పరాయి ఊరివాడు ఎవరైనా గోడ వారగా నిలబడి ఉంటే, వాడి తల్లి ఎక్కడో కూర్చుని మిమ్మల్ని అదే ప్రశ్న అడుగుతోందని గుర్తుంచుకోండి. ఊరు విడిచిన అంతోనివారు ఊరు విడిచిన మన బిడ్డలందరి కోసం ప్రార్థించుగాక.